బిరడా మసి

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
తెర తాడు లాగితే రాత్రికి ముప్పావలా.
ఒక శనివారం తెల్లార్లూ పద్యనాటకం,
ఇంగో శనివారం దొరసాన్ల డ్యాన్సు.
తాడు మాత్రం ఒకటే, కొబ్బరి నారది,
అరచేతిలో ఇప్పటికీ ఉంది దాని గీత.

ఆ ఏడు పియానో వాయించే గార్డు డిమెల్లో
హుబ్లీకి బదిలీ అయిపాయె.
ఇంజన్ డ్రైవరు పెండ్లాం నోరీన్ దొరసాని
పత్తికొండకు మనిషిని పంపె, కాశింపీరా కోసం:
"అమెరికా ఆట వేస్తాండాము, పెట్టె ఎత్తుకొని రా."

కాశింపీరా హార్మోనియం పట్టుకుంటే
మా రాజు ఒక్క పద్యాన్ని అరగంట సాగదీసేవాడు.
వన్స్ మోర్ అంటే చచ్చినోడు లేచి
ఇంగోసారి పాడి మళ్లీ చచ్చేవాడు.
మా ఆటలో పాట వచ్చిందంటే
కథ చెప్పులిడిచి పక్కన కూర్చుని
బీడీ ముట్టించుకునేది.

దొరసాని తల అడ్డంగా ఊపె.
"వాళ్లదీ మొదట ఇట్లే, మాస్టరూ.
కాళ్లెత్తి ఎగిరే ఆడపిల్లల వరస,
నడాన ఒక జోకు, కథ ఎవురికి కావల్ల?
రానురాను తెలుసుకున్యారు,
మాట గొంతుకు అడ్డం పడినప్పుడే పాట రావల్లని.
పాట ఎత్తుకున్న మనిషి
పాట అయిపోయేతలికి అదే మనిషిగా ఉండగూడదని."

కాశింపీరా వక్క నమలడం ఆపినాడు.

యుద్ధంలో కలకత్తాలో ఎవురో సోల్జరు
వదిలిపోయిన పాటల కాగితాలు ఆమె ట్రంకు నిండా.
ఆమె కూనిరాగం తీస్తాంటే ఈయన మెట్లు వెతికినాడు.
అన్నీ దొరికినాయి, గాంధారం తప్ప.
అది సాధారణానికీ అంతరానికీ నడాన
యాడో నిలబడి ఏడుస్తాంది.
"ఈ స్వరానికి నా పెట్టెలో మెట్టు లేదమ్మా. ఎవురిది ఇది?"

ఆమె ట్రంకు అడుగునుంచి ఒక పటం తీసె.
నల్లటి మనిషి. మొగం నిండా ఇంకా నల్లటి మసి.
"తెల్లోళ్లు సీసా బిరడా కాల్చి పూసుకొని
నల్లోళ్ల మాదిరి ఎగిరి శానా ఏండ్లు నగించినారు.
ఆమైన నల్లోనికీ స్టేజీ ఇచ్చినారు.
ఆయప్పా మసి పూసుకుంటేనే."

మా రాజు ఉరుకుందప్ప ఆ పొద్దు అక్కడే ఉండె,
శనివారం ఆటకు అర్దళం నూరుకుంటా.
అర్దళం, సఫేదా కలిపి మోచేతుల పైదాకా పూస్తేగాని
వాన్ని రాజని జనం ఒప్పుకోరు.
పటం తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టినాడు.
"ఈయప్పకు కడుక్కునేకి ఏమిచ్చేటోళ్లో," అన్యాడు.
"మాకు కొబ్బరినూనె."

ఆట రాత్రి బొంబాయి మెయిలు
మూడు మాటల్ని మింగేసి పాయె.
దొరసాని కూతురు డోరిస్ పాడతాంటే
కాశింపీరా ఆ రెండు మెట్లనూ ఒక్క వేలితో నొక్కిపట్టినాడు.
గాజు మీద గోరు గీసినట్ల ఉండె. సరిగ్గా అదే.
కిటికీల బయట మనోళ్లు వన్స్ మోర్, వన్స్ మోర్!
ఆయన చెయ్యి అలవాటుగా లేచి, ఆగిపాయె.
డోరిస్ అప్పటికే తలుపు తీసుకుని ఎళ్లిపోయింది.
కథ ఆ గదిలో లేదు.

మూడు నెల్లకు ఆలూరులో పద్యనాటకం.
ఉరుకుందప్ప మొగానికి పూసుకున్యాడు, కిరీటం పెట్టుకున్యాడు,
చేతులు మాత్రం వాళ్లమ్మ ఇచ్చినవే,
కందికట్టెల మాదిరి నల్లగా, ఎండిన నరాలతో.
జనం గొల్లుమన్యారు. ఎవడో పల్లీ తొక్కలు విసిరినాడు.
కాంట్రాక్టరు పక్కనుంచి ఎనిమిది రూపాయలు కోస్తానని వేళ్లు చూపించె.
పద్యం ఎత్తుకున్యాడు.
రాగం సాగదీయలే. మాట అయిపోయిన చోట ఆపేసినాడు.
కాశింపీరా ఆ లేని మెట్టు కోసం రెండూ నొక్కినాడు.

వన్స్ మోర్ అని ఎవురూ అనలే.
చప్పట్లు కొట్టల్నో వద్దో ఎవురికీ తెలీలే.
తాడు పట్టుకొని నేను
తెర ఎప్పుడు లాగల్నో తెలీక
అట్లే నిలబడిపోతిని.